మూడు బడుల దేశం

1970 జులై 23న సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి ఒమన్ మొత్తంమీద ఆధునిక పద్ధతిలో నడిచే బడులు మూడంటే మూడే: సలాలాలో ఒకటి, మస్కట్‌లో ఒకటి, మత్రాలో ఒకటి. మూడింట్లోనూ మగపిల్లలే, అందరినీ కలిపినా వెయ్యిమంది లేరు. దేశం విస్తీర్ణం చూస్తే మూడు లక్షల చదరపు కిలోమీటర్ల పైమాటే. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపినా అంత ఉండవు. అలాంటి చోట పుట్టి, అక్షరం ముక్క రాకుండా నలభయ్యో పడిలో పడిన మనిషి, అందులోనూ ఆడమనిషి, తన గురించి తాను ఏమనుకోవాలి? ‘నాకు చేతకాదు’ అనుకోవాలా, ‘నాకు వీలు దొరకలేదు’ అనుకోవాలా? ఆత్మవిశ్వాసం గురించి ఈనాడు వినిపించే బోధలన్నీ దాన్ని మనిషి లోపలే వెతకమంటాయి. నిన్ను నువ్వు నమ్ము, నిన్ను నువ్వు ప్రేమించుకో అంటాయి. గత యాభై ఏళ్ల ఒమన్ చరిత్ర ఇందుకు భిన్నమైన సాక్ష్యం చెబుతుంది. మనిషికి తనమీద నమ్మకం కుదరాలంటే చేయగలిగిన పని ఒకటి ముందు చేతికందాలి, అది చేశాడని నలుగురూ గుర్తించాలి, తప్పిపోతే మళ్లీ మొదలుపెట్టే దారి తెరిచి ఉండాలి. ఈ మూడింటినీ సమకూర్చవలసింది చుట్టూ ఉన్న సమాజం. అవి లేనిచోట మనిషి తనను తాను తిట్టుకుంటూ బతకడం అతని మనసులో పుట్టిన జబ్బు కాదు. అది అతనికి జరిగిన అన్యాయం తాలూకు గుర్తు.

ఖాబూస్ తండ్రి సయీద్ బిన్ తైమూర్ 1932 నుంచి 1970 దాకా పాలించాడు. ఆయన కాలంలో మస్కట్ కోట తలుపులు సూర్యాస్తమయం తర్వాత మూడు గంటలకు మూసేసేవారు. ఆ తర్వాత వీధిలో నడవాలంటే చేతిలో లాంతరు ఉండాల్సిందే. పై దేశాలకు పోవాలన్నా, అక్కడ చదువుకుని తిరిగి రావాలన్నా పాలకుడి అనుమతి కావాలి. చదువు కోసం కువైట్‌కో, బహ్రెయిన్‌కో, కైరోకో చాటుగా వెళ్లిపోయిన కుర్రాళ్లు చాలామంది. అంతమాత్రాన 1970కి ముందున్న ఒమన్‌ను చదువంటే తెలియని దేశంగా చిత్రించడం పొరపాటు. నిజ్వా, బహ్లా వంటి ఊళ్లలో మతవిద్యకు వందల ఏళ్ల పరంపర ఉంది. ఆ దేశ చరిత్రను గ్రంథస్థం చేసిన నూరుద్దీన్ అల్ సాలిమీ 1914లో కన్నుమూశాడు. ఆయన చూపు లేని మనిషి. చూపు లేకపోయినా ఆ సమాజం ఆయన్ని పండితుడిగా నెత్తిన పెట్టుకుంది. ఊరూరా చెట్టు నీడనో, మసీదు పక్కనో ఖురాన్ బడులు నడిచేవి, వాటికి ఆడపిల్లలు కూడా వెళ్లేవారు. పలకకు బదులు ఒంటె భుజపుటెముక మీద రాయించిన రోజులవి. వెడల్పుగా, నున్నగా ఉండే ఆ ఎముక మీద సిరాతో రాసి, పాఠం వచ్చాక కడిగేసి, మళ్లీ రాసేవారు.

ఆ బడులకు అనుబంధంగా తైమీనా అనే ఆచారం ఒకటి ఉంది. పిల్లవాడు ఖురాన్ చదవడం ముగించిన రోజున వాడికి మంచిబట్టలు తొడిగి ఊళ్లో ఊరేగించేవారు. ముందు నడిచేవాళ్లు వచనాలు చదువుతుంటే వెనకొచ్చే పిల్లలంతా ఒక్క గొంతుతో ‘ఆమీన్’ అనేవారు. ఇంటివాళ్లు గురువుకు కానుక ఇచ్చి, వచ్చినవాళ్లకు తినడానికి పెట్టేవారు. ఇది చదివిన తెలుగువారికి కోస్తా జిల్లాల దసరా పద్యాలు గుర్తుకు రాక మానవు. రంగుకాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని పిల్లలు పంతులుగారి వెంట ఇంటింటికీ వెళ్లి పద్యాలు చదివితే, అయ్యవారికి సంభావన, పిల్లలకు పప్పుబెల్లాలు దక్కేవి. మతాలు వేరు, భాషలు వేరు, మధ్యలో అరేబియా సముద్రం ఉంది. అయినా రెండు సమాజాలూ ఒకే సంగతి కనిపెట్టాయి. పిల్లవాడికి ఏదో ఒకటి వచ్చిందని ఊరు చెవులారా వినాలి, విన్నట్టు వాడికి తెలియాలి. ఇక్కడ గమనించవలసింది ఇంకొకటుంది. తైమీనాలో మొదటి ర్యాంకు లేదు. ఏడాదిలో ముగించినవాడికీ మూడేళ్లలో ముగించినవాడికీ ఊరేగింపు ఒక్కటే. పోల్చి తూకం వేయడం కాకుండా, చేసిన పనిని చేసినట్టు ఒప్పుకోవడం ఆ ఆచారానికి ప్రాణం. ‘నీ మీద నీకు నమ్మకం ఉండాలి’ అని ఆ పిల్లవాడికి ఎవరూ విడిగా బోధించనక్కర్లేదు.

1970 తర్వాత మార్పు ఎంత వేగంగా వచ్చిందో ఈ లెక్కలే చెబుతాయి. మొదటి విద్యా సంవత్సరంలోనే బడులు 16 అయ్యాయి, పిల్లలు ఏడు వేలకు చేరువయ్యారు, అందులో ఆడపిల్లలు వెయ్యిమంది పైచిలుకు. భవనాలు లేవని ఆగలేదు. గుడారాల్లో, తాటాకు పాకల్లో, చెట్ల కింద పాఠాలు మొదలుపెట్టారు. చెట్టు నీడనైనా సరే మన పిల్లలకు చదువు చెబుతామన్న ఖాబూస్ మాట ఒమన్‌లో నేటికీ అందరి నోటా ఉంది. పాఠాలు చెప్పడానికి ఈజిప్టు, జోర్డాన్, సూడాన్ వంటి దేశాల నుంచి ఉపాధ్యాయులు వచ్చారు. తూర్పు ఆఫ్రికా తీరంలోని జాంజిబార్‌లో స్థిరపడి, 1964 విప్లవం తర్వాత అక్కడ నిలువ నీడలేక చెదిరిపోయిన ఒమనీ కుటుంబాల్లో చదువుకున్నవారు ఎందరో తిరిగొచ్చి ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో చేరారు, వారిలో ఆడవాళ్లూ ఉన్నారు. ఐదేళ్లు తిరిగేసరికి బడులు రెండు వందలు దాటాయి, పిల్లలు యాభై వేలు దాటారు. 1986లో సుల్తాన్ ఖాబూస్ విశ్వవిద్యాలయం తలుపులు తెరిచింది.

అయితే ఇలాంటి వేగంలో పెద్దవాళ్లకు ఒక ప్రమాదం పొంచి ఉంటుంది. ఊళ్లో ఎవరికీ చదువు రానప్పుడు చదువు రాకపోవడం ఎవరికీ చిన్నతనం కాదు. ఒమన్ పల్లెల్లో ఫలజ్ అనే సాగునీటి కాలువల వంతులను ఎండగడియారం నీడనూ, రాత్రిపూట నక్షత్రాలనూ చూసి లెక్కగట్టిన రైతుల్లో చాలామందికి అక్షరాలు రావు. అయినా వాళ్ల లెక్క మీదే ఊరి ఖర్జూర తోటలు బతికాయి. అలాంటి కాలువల్లో ఐదింటిని యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కించింది. అంత ప్రజ్ఞ ఉన్న మనిషి ముందుకు ఒకరోజు ఆసుపత్రి చీటీ, బ్యాంకు ఫారం, కొడుకు బడి నుంచి తెచ్చిన పుస్తకం వచ్చి పడతాయి. అక్షరం రాని లోటు ఆనాడు మొదటిసారి కళ్లకు కడుతుంది. నిన్నటిదాకా ఇంటికి పెద్దదిక్కుగా ఉన్న తల్లి, ఏడేళ్ల కూతురు చదివిపెట్టేదాకా ఆగవలసి వస్తుంది. కొత్త బడి పిల్లలకు దారి చూపిస్తూనే పెద్దలకు సిగ్గు నేర్పగలదు. ఆధునికత అడుగుపెట్టిన చోటల్లా ఒక తరం ఇలా తన కళ్లలో తానే చిన్నబోయింది.

ఒమన్ చేసిన మంచిపని ఆ తరాన్ని వదిలేయకపోవడం. 1973లోనే వయోజన అక్షరాస్యతా తరగతులు మొదలయ్యాయి. పిల్లల బడులు ఇంకా గుడారాల్లో ఉండగానే పెద్దల గురించి ఆలోచించారన్నమాట. తరగతులు పనివేళలు కాని సమయంలో, ఇంటికి దగ్గరలో, ఆడవాళ్లకు విడిగా నడిచేవి. ఊరూరా ఏర్పడిన మహిళా సంఘాలు ఆడవాళ్లను ఇళ్ల నుంచి తరగతి దాకా తీసుకొచ్చాయి. చదవడం రాయడం వచ్చాక అక్కడితో ఆపకుండా పై తరగతులకు పోయి, చివరికి పిల్లలు రాసే పన్నెండో తరగతి పరీక్షే రాసే వీలు కల్పించారు. ‘ఈ వయసులో నాకెందుకు’ అన్నది ఎక్కడైనా మొదట ఎదురయ్యే మాట. దాన్ని ఉపన్యాసంతో పోగొట్టలేరు. పక్కింటామె కూడా అదే వయసులో అదే బల్ల మీద కూర్చుని ఉంటే దానంతటదే పోతుంది. 1993లో దేశం మొదటి జనగణన జరిపేనాటికి కూడా పెద్దవాళ్లలో పదిమందికి నలుగురు చదువు రానివాళ్లే. ఈనాడు అక్షరాస్యత తొంభై ఐదు శాతం దాటింది. జోఖా అల్ హార్తీ రాసిన నవల ఆంగ్లంలో ‘సెలెస్టియల్ బాడీస్’గా వచ్చి 2019లో మాన్ బుకర్ ఇంటర్నేషనల్ బహుమతి గెలిచింది. అందులో ఒక పల్లెటూరి ఇంట్లోని ముగ్గురు అక్కచెల్లెళ్ల కథ, బానిసత్వం ఇంకా ఉన్న రోజుల నుంచి నేటి మస్కట్ దాకా సాగుతుంది. మూడు బడుల దేశం రెండు తరాల్లో తన కథను తానే చెప్పుకునే స్థితికి వచ్చింది.

ఇదంతా కూడికల తీసివేతల చరిత్ర, మనసుకు దీనితో ఏం సంబంధం అని అడగవచ్చు. సంబంధం ఉందని మనస్తత్వ శాస్త్రం తన దారిలో తాను నడిచి చెప్పింది. 1977లో ఆల్బర్ట్ బండూరా అనే శాస్త్రవేత్త, ‘నేను చేయగలను’ అన్న నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో విడమరిచాడు. స్వయంగా ఒక పని సాధించిన అనుభవం అన్నిటికన్నా బలమైన ఆధారం. తనలాంటి మరొకరు సాధించడం చూడటం దాని తర్వాతిది. ఇతరుల ప్రోత్సాహపు మాటలు వీటికన్నా బలహీనమైనవి. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రం 1986లో ఆత్మగౌరవాన్ని పెంచడానికే ప్రత్యేకంగా ఒక సంఘాన్ని వేసింది. పిల్లలకు తమమీద తమకు మంచి అభిప్రాయం కలిగిస్తే చాలు, మిగిలినవన్నీ చక్కబడతాయని ఆశ. 2003లో రాయ్ బామైస్టర్, ఆయన సహచరులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ వడపోసి చూస్తే, ఆత్మగౌరవం పెరిగినంత మాత్రాన చదువు మెరుగుపడుతుందనడానికి ఆధారం దొరకలేదు. చదువులో రాణించడం వల్లే ఆత్మగౌరవం పెరుగుతుందన్నది వాళ్లకు ఎక్కువ సబబుగా తోచింది. ఒమన్ పల్లెల్లోని సాయంత్రపు తరగతులు ఈ చర్చలేవీ వినకుండానే సరైన కొసను పట్టుకున్నాయి. ముందు పేరు రాయడం నేర్పాయి, నమ్మకం దాని వెనకే వచ్చింది.

దీనికి మొదటి అభ్యంతరం చమురు. డబ్బుంటే ఎవరైనా బడులు కడతారు, ఇందులో నేర్చుకోవలసిందేముంది అని. డబ్బు అవసరమన్నది కాదనలేం. కానీ ఒమన్ చమురు ఎగుమతి 1967లోనే మొదలైంది, మూడేళ్ల తర్వాత కూడా బడులు మూడే. డబ్బు ఉండటం వేరు, ఎవరి మీద ఖర్చుపెట్టాలో నిర్ణయించడం వేరు. చమురు చుక్క లేని చోట కూడా ఇదే జరుగుతుందనడానికి మన నెల్లూరు జిల్లాయే రుజువు. 1991లో అక్కడ అక్షరాస్యతా ఉద్యమం మొదలైంది. లాంతరు వెలుగులో వాచకం పట్టుకున్న కూలి మహిళలు సీతమ్మ కథ పాఠం చదివారు, సారా వల్ల ఇల్లు గుల్లవడం మీద నలుగురూ కలిసి మాట్లాడుకున్నారు. దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించారు. ఆ ఊరి కథే తర్వాతి వాచకంలో పాఠమై మిగతా ఊళ్లకు పాకింది. సారా వేలంపాటలు జరగకుండా ఆడవాళ్లు అడ్డుపడ్డారు, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దూబగుంట రోశమ్మ పేరు తెలియని తెలుగు పాఠకుడు ఆ తరంలో లేడు. ఈ ఉద్యమంలో ఎవరూ ఆడవాళ్లకు ఆత్మవిశ్వాసం మీద పాఠం చెప్పలేదు. చదవడం అనే పని చేతికొచ్చింది, పక్క ఊరు చేసింది కనబడింది, తమ బాధ తమ ఒక్క ఇంటి తలరాత కాదని తెలిసింది. అంతవరకు ‘నా ఖర్మ’ అని తనలో తాను కుమిలిన మనిషి నేరం ఎక్కడుందో గుర్తుపట్టి తనను తాను నిందించుకోవడం వదిలిపెట్టింది.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. రాజు చేతిమీదుగా అందిన నమ్మకం నమ్మకమేనా, అది విధేయతకు మరో పేరు కాదా అని. ఒమన్‌లో అధికారం సుల్తాన్ చేతిలోనే ఉంది. ఆడవాళ్లకు షూరా (సలహా) మండలికి ఓటు వేసే, పోటీ చేసే హక్కు 1994లో మొదట మస్కట్ ప్రాంతంలో వచ్చిందన్నా, 21 ఏళ్లు నిండిన వారందరికీ ఓటు 2003లో వచ్చిందన్నా, 2004లో ఒక మహిళ తొలిసారి ఉన్నత విద్యాశాఖ మంత్రి అయ్యారన్నా, అన్నీ పైనుంచి దిగినవే. కానీ చదువు ఇచ్చినవాడి చెప్పుచేతల్లోనే ఉండిపోదు. 2011లో సోహార్ చౌరస్తాలో ఉద్యోగాల కోసం, అవినీతికి వ్యతిరేకంగా గొంతెత్తిన యువతరం ఆ బడుల్లో చదువుకున్నదే. అక్కడ ప్రాణనష్టం జరిగింది. ప్రభుత్వం యాభై వేల ఉద్యోగాలిస్తామని ప్రకటించవలసి వచ్చింది. తనకు రావలసింది దయగా కాకుండా హక్కుగా అడగగలగడమే ఆత్మవిశ్వాసానికి అసలైన గీటురాయి. అది ఇచ్చినవారికే అసౌకర్యం కలిగించిందంటే, వేళ్లు దిగిందని అర్థం.

ఈ చరిత్రలో తెలుగువారు దాటవేయకూడని పుట ఇంకొకటుంది. ఒమన్ తన బిడ్డలకు తలుపులు తెరుస్తున్న ఆ దశాబ్దాల్లోనే మన కడప, రాయచోటి ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఆడవాళ్లు ఇంటిపనికి మస్కట్ విమానమెక్కారు. ఏజెంటు చేతిలో పెట్టిన కాగితంలో ఏముందో చదవలేక సంతకమో, వేలిముద్రో వేసి వెళ్లినవాళ్లు వారిలో ఉన్నారు. 2003లో వచ్చిన కార్మిక చట్టం ఇంటి పనివారిని తన పరిధిలోంచి తప్పించింది. ఏడాది తర్వాత వాళ్లకు విడిగా నిబంధనలు వచ్చినా చట్టం ఇచ్చినంత రక్షణ వాటిలో లేదు. యజమాని ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఇస్తేనే మరోచోట పనిలో చేరగలిగే పద్ధతి ఎన్నో ఏళ్లు సాగింది, 2021 జనవరిలో గానీ సడలలేదు. జీతం రాక, దెబ్బలు తిని తిరిగొచ్చిన ఆడమనిషిని ఊళ్లో వాళ్లు ‘నీకు తెలివి లేక మోసపోయావు’ అంటే ఆమె కూడా అదే నమ్ముతుంది. నలభై ఏళ్ల ఒమనీ తల్లికి అక్షరాలు రాకపోవడం ఎలా ఆమె తప్పు కాదో, ఈమె మోసపోవడమూ అలాగే ఈమె తప్పు కాదు. ఒకే నగరంలో ఒక తలుపు తెరుచుకుని ఒక తలుపు మూసుకుపోయిన తీరు చూస్తే, మనిషి ధైర్యానికీ పిరికితనానికీ స్వభావం కన్నా తలుపులే ఎక్కువ కారణమని తేలుతుంది.

తప్పంతా పరిస్థితుల మీదకు నెడితే మనిషి చేతులు ముడుచుకు కూర్చోడా అన్నది చివరి అభ్యంతరం. పెద్దలు పిల్లల్ని మందలించేటప్పుడు మనసులో ఉండే భయం ఇదే. జరిగింది మాత్రం తారుమారుగా ఉంది. ‘నాకు బడి లేదు కాబట్టి చదువు రాలేదు’ అని తెలుసుకున్న ఒమనీ స్త్రీలు ఇంట్లో కూర్చోలేదు, బడి రాగానే వెళ్లి చేరారు. లోపం తన బుద్ధిలో ఉందని నమ్మిన మనిషికి ప్రయత్నం చేయడానికి కారణమే ఉండదు. 2003లో క్రిస్టిన్ నెఫ్ అనే పరిశోధకురాలు తనపట్ల తాను కరుణగా ఉండటానికి మూడు లక్షణాలు చెప్పారు: తనను తాను దయగా చూసుకోవడం, తన కష్టం మనుషులందరికీ వచ్చేదేనని గ్రహించడం, బాధను పెంచకుండా దాచకుండా ఉన్నదున్నట్టు చూడటం. 2012లో జూలియానా బ్రైన్స్, సెరీనా చెన్ చేసిన ప్రయోగాల్లో, తమ వైఫల్యాన్ని ఇలా కరుణతో చూసుకున్నవాళ్లు తర్వాతి పరీక్షకు ఇంకా ఎక్కువసేపు చదివారు. తనను తాను తిట్టుకోవడం కష్టపడటం కాదు. అది కష్టపడకముందే అలసిపోవడం.

ఈ వెలుగులో మన ఇళ్లను చూసుకోవాలి. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు మార్కుల లెక్కల్లో తప్పులు దొర్లాయన్న ఆరోపణలు గుప్పుమన్నాయి, ఆ రోజుల్లోనే ఎందరో పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. యంత్రాంగం చేసిన తప్పును కూడా తమ బుద్ధి తప్పుగా నమ్మేంతగా మనం ఆ పిల్లలను తయారుచేశాం. మన వ్యవస్థలో రెండో అవకాశం లేక కాదు. సప్లిమెంటరీ పరీక్ష ఉంది, ఓపెన్ స్కూల్ ఉంది. వాటికి ఇవ్వవలసిన గౌరవమే ఇవ్వలేదు. కాలేజీల ముందు ఫ్లెక్సీల మీద ర్యాంకులు వచ్చిన పదిమంది ముఖాలే ఉంటాయి. సప్లిమెంటరీలో గట్టెక్కిన పిల్లవాడి ఫొటో ఏ కాలేజీ అయినా పెట్టిందా? ఆలస్యంగా ముగించినవాడికీ అదే ఊరేగింపు ఇచ్చిన తైమీనాకూ ఈ ఫ్లెక్సీకీ మధ్య ఉన్న తేడా మన పిల్లల ఆత్మవిశ్వాసానికి కొలత. తనను తాను నిందించుకుంటున్న పిల్లవాడికి ‘ధైర్యంగా ఉండు’ అని చెప్పే ముందు, వాడు చేయగలిగిన పని ఏదో ఒకటి వాడి ముందు పెట్టామా, అది చేసినప్పుడు చూశామా, తప్పినప్పుడు తలుపు తెరిచే ఉంచామా అని పెద్దలు తమను తాము అడగాలి. ఇక ఆ నింద మోస్తున్నవారు, ఏ వయసువారైనా, తమ సొంత చరిత్రను ఓసారి న్యాయంగా తిరగేసి, తమకు అందని బడులెన్నో లెక్కపెట్టుకోవాలి. ఆ లెక్క తేలిన రోజున తిట్టుకోవడానికి కారణం తగ్గుతుంది, మొదలుపెట్టడానికి కారణం దొరుకుతుంది.